షేక్‌స్పియర్ కాలం డాన్స్ అడుగులు ఎవరికైనా తెలుసా?

వైజాగ్‌లో మా కాలేజీ వాళ్ళం షేక్‌స్పియర్ నాటకం వేస్తున్నామండీ, అందులో రాజుగారి కొలువులో డాన్స్ ఉంది. అడుగులు తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు 1: ముందు పావన్ అనే డాన్స్ నేర్చుకోండి. జంటలుగా వరసలో నెమ్మదిగా నడవడమే. ఎడమ కాలు వేసి కుడిది చేర్చాలి, కుడిది వేసి ఎడమది చేర్చాలి, ఆ తర్వాత ఎడమ, కుడి, ఎడమ అని మూడడుగులు వేసి కుడికాలు చేర్చాలి. దర్జా కనిపించాలి, తొందరొద్దు.

జవాబు 2: గాలియర్డ్ అనే గెంతులేసే డాన్స్ కూడా వదలకండి, మొదటి ఎలిజబెత్ రాణికి అదంటే ప్రాణం! ఆరు లెక్కలు. నాలుగింటికి కాళ్ళు మార్చి మార్చి ముందుకు విసిరి, అయిదుకి ఎగిరి, ఆరుకి ఒక కాలు ముందుంచి దిగాలి. బీచ్ ఇసుకలో వద్దు, గట్టి నేల మీదే ప్రాక్టీస్ చేయండి.

జవాబు 3: ప్లేఫోర్డ్ అనే ఆయన ఇంగ్లండ్‌లో అచ్చువేసిన డాన్సు పుస్తకంలోనివి పెట్టమంటారు కొందరు, కానీ అది 1651 నాటిది, షేక్‌స్పియర్ 1616లోనే పోయారు. పావన్, గాలియర్డ్ చాలు.