దగ్గితే మూత్రం పడుతుంది, మోషన్ మాత్రం రాదు: రెండింటికీ కీగెల్ ఒకటేనా?

ప్రశ్న: కాన్పయ్యాక దగ్గినా తుమ్మినా చుక్కలు పడేవాళ్లలో కొందరికి మలబద్ధకం కూడా ఉంటుంది. ఎంత ముక్కినా పూర్తిగా అవదు. పెల్విక్ ఫ్లోర్ (మూత్రాశయం, గర్భసంచి, పురీషనాళాన్ని కింద నుంచి మోసే కండరాలు) వదులైతే రెండూ జారాలి కదా! మరి ఒకటి కారడం, ఇంకోటి ఆగడం ఏంటి? రెండింటికీ ఆ కండరాల్ని బిగించే కీగెల్ వ్యాయామమే మందా?

గైనిక్_పీజీ: కాదు. దగ్గినప్పుడు పొట్టలో ఒత్తిడి ఒక్కసారిగా మూత్రాశయం మీద పడుతుంది. మూత్రమార్గం కింద యోని ముందు గోడ, దాన్ని పక్కలకి పట్టి ఉంచే కండరాలు గట్టిగా ఉంటే, మార్గం ఆ గోడకి నొక్కుకుని మూసుకుంటుంది. కాన్పులో అవి సాగితే ఆనడానికి ఆధారం ఉండదు.

మలం సంగతి వేరు. ప్యూబోరెక్టాలిస్ అనే కండరం ముందున్న జఘనాస్థి నుంచి బయల్దేరి, పురీషనాళం వెనకగా చుట్టి మళ్లీ ముందుకే వస్తుంది. అది లాగి పట్టడం వల్ల అక్కడ దాదాపు 90 డిగ్రీల మలుపు ఉంటుంది. మోషన్‌కి కూర్చున్నప్పుడు అది వదలాలి. కొందరిలో వదలకపోగా ఇంకా బిగుస్తుంది. వాళ్లు ముక్కడమంటే గడియ పెట్టిన తలుపుని తోయడమే.

ఫిజియో_వైజాగ్: మూత్రం జారేవాళ్లకి: గ్యాస్ ఆపుకున్నట్టు లోపలికి, పైకి లాగాలి. 6–8 సెకన్లు పట్టి, తర్వాత మళ్లీ అంతే సేపు పూర్తిగా వదలాలి. విడతకి 8 సార్లు, రోజుకి 3 విడతలు, కనీసం 3 నెలలు. పిరుదులు బిగిస్తున్నా, ఊపిరి బిగబడుతున్నా పద్ధతి తప్పినట్టే. చాలామంది పైకి లాగే బదులు కిందికి ముక్కుతారు, దాంతో ఉన్నదీ చెడుతుంది. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి సాధన చేయొద్దు. దగ్గు రాబోతుండగానే బిగించడం అలవాటు చేసుకోండి, సగం పని అదే.

మోషన్ ఆగేవాళ్లు ముందు వదలడం నేర్చుకోవాలి. కమోడ్ అయితే పాదాల కింద చిన్న పీట వేసి, మోకాళ్లు తుంటి కంటే ఎత్తులో ఉంచి, ముందుకి వంగి, పొట్ట నిండా ఊపిరి తీసి నెమ్మదిగా వదలండి. ఈ రకానికి బయోఫీడ్‌బ్యాక్ (కండరం బిగుస్తోందో వదులుతోందో పరికరంతో చూపిస్తూ నేర్పే శిక్షణ) బాగా పనిచేస్తుంది. పరీక్ష చేయించుకోకుండా ఊరికే కీగెల్ చేస్తే బిగుతు పెరగొచ్చు.

ప్రశ్న వేసినవారు: లిగమెంట్లు (అవయవాల్ని ఎముకలకి కట్టి ఉంచే పట్టీలు) కూడా వ్యాయామంతో బిగుస్తాయా?

గైనిక్_పీజీ: బిగుసుకోవు. కండరం బలపడితే వాటి మీద భారం తగ్గుతుంది, అంతే. గర్భసంచిని వెనక త్రికాస్థికి (నడుము కింది ఎముకకి) కట్టి ఉంచే లిగమెంట్లు బాగా సాగి గర్భసంచి జారితే, దాన్ని ఆపి ఉంచడానికి యోని లోపల పెస్సరీ రింగ్ పెడతారు, లేదా ఆపరేషన్. యోని వెనక గోడ ఉబ్బి మలం ఆ సంచిలో ఇరుక్కునే రకమూ ఉంది, దాన్ని పరీక్షలోనే పట్టుకోగలం. మలంలో రక్తం పడితే త్వరగా చూపించుకోండి. మూత్రం అసలు రాకపోయినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.