కారవాన్ గుంజే పికప్‌కు ఎయిర్ బ్యాగులు: ఎంత గాలి, ఒక పైపా రెండా?

బత్తాయితోట (నల్గొండ):
డబుల్ క్యాబ్ పికప్, వెనక కమాన్ కట్టలు (లీఫ్ స్ప్రింగులు). చిన్న కారవాన్ ట్రైలర్, నీళ్లు సామాను కలిపి 1,200 కిలోలు. తగిలించంగనే బండి వెనక 6 సెంటీమీటర్లు కూసుంటున్నది, రాత్రి హెడ్‌లైట్లు ఎదుటోళ్ల కండ్లల్ల కొడుతున్నయి. డిండి మీదుగా శ్రీశైలం పోవాలె. ఆక్సిల్‌కు, ఛాసీకి (బండి ఇనుప చట్రానికి) నడుమ ఎయిర్ బ్యాగులు, అంటే గాలి నింపే రబ్బరు తిత్తులు, వేయిస్తే సరిపోతదా? ఎంత గాలి పెట్టాలె?

కమాన్‌కట్ట (మిర్యాలగూడ):
గాలి సంగతి తర్వాత, ముందుగాల తూకం. ఇక్కడ రైస్ మిల్లుల కాడ ధర్మకాంటలకు కొదవ లేదు. ట్రైలర్ లేకుండ బండిని తూకం వేయించుండ్రి. తగిలించినంక, ట్రైలర్ చక్రాలు కాంట బయట ఉంచి మళ్లొకసారి. పెరిగినంత బాల్ (ట్రైలర్ తగిలించే ఇనుప గుండు) మీద పడే బరువు. 1,200కు అది 120 నుంచి 180 మధ్య ఉండాలె. తక్కువుంటే ట్రైలర్ తోక ఊపుతది, దానికి బ్యాగు మందు కాదు, సామాను ముందుకు జరపాలె.

బాల్ మీద 150 అనుకోండి. బాల్ వెనక ఆక్సిల్‌కు 1.2 మీటర్ల దూరం, వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల నడుమ దూరం) 3.1 మీటర్లు. 150 × 1.2 ÷ 3.1 = 58. ముందు చక్రాల మీద 58 కిలోలు తగ్గినయి, వెనక ఆక్సిల్ మీద 208 పెరిగినయి. గాలి కొడితే వెనక లేస్తది, చూపుకు బండి సమంగ ఉంటది, గానీ ఆ 58 ముందుకు తిరిగిరాదు. స్టీరింగ్ అట్లనే తేలికగ ఉంటది. బరువును ముందుకు మళ్లించేది కడ్డీలుండే వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్ (ట్రైలర్ తగిలించే కొండీ). ఆర్సీల రాసిన బరువు పరిమితి కూడ బ్యాగులతోని పెరగదు.

గాలిమిషన్ (మహబూబ్‌నగర్):
పైపులు రెండే వేయించండి అన్నా, రెండు వాల్వులు. రెండు బ్యాగులను టీ జాయింట్ (మూడు మూతులది) పెట్టి ఒకే పైపుకు కలిపితే మలుపుల బయటి దిక్కు బ్యాగు నొక్కుకొని గాలి లోపలి దిక్కుకు పోతది, బండి ఇంకింత వాలుతది. దోమలపెంట దాటినంక ఘాట్ దిగేటప్పుడు తెలుస్తది దాని సంగతి.

కమాన్ల బండ్లకు వచ్చే కిట్లు చాలావరకు 5 నుంచి 100 పీఎస్ఐ. ఖాళీ బండికైనా 5 కిందికి దించొద్దు, రబ్బరు మడత పడి ఒరుసుకొని పగులుతది. తగిలించకముందే నాలుగు చక్రాల కాడ మడ్‌గార్డ్ అంచు ఎత్తు టేపుతో కొలిచి రాసుకోండి. తర్వాత ఐదైదు పెంచుకుంట పోవాలె. 6 సెంటీమీటర్లల్ల 3 తిరిగొస్తే ఆపేయండి. కడ్డీల హిచ్ ఉంటే బ్యాగుల 5 మాత్రమే ఉంచి, ముందు హిచ్ సెట్ చేసి, ఆ తర్వాతనే గాలి. తారుమారు చేస్తే కడ్డీల మీద బరువే పడదు.

పైపును కొత్త బ్లేడుతో అడ్డంగ, వంకర లేకుండ కోయాలె. కటింగ్ ప్లేయర్‌తోని కోస్తే మూతి నొక్కుకుపోయి ఫిట్టింగ్ కాడ లీకైతది. సబ్బునీళ్లు పోసి చూడండి, తెల్లారి గాలి మళ్ల కొలవండి. బ్యాగు ఉబ్బినప్పుడు చుట్టూ 12 మిల్లీమీటర్ల సందు, సైలెన్సర్ పైపుకు కనీసం జానెడు దూరం ఉండాలె.

బత్తాయితోట:
గతుకుల రోడ్డు కదా, 80–90 పెట్టి పూర్తి సమం చేస్తే తప్పేంది?

కమాన్‌కట్ట:
కమాన్ కట్ట బరువును ఛాసీకి రెండు చోట్ల ఇస్తది, ముందు కొక్కెం కాడ, వెనక షాకిల్ (కట్ట చివర ఊగే పట్టీ) కాడ. బ్యాగు నడుమ ఒక్క చోటనే పొడుస్తది. వెనక చివర బాల్ మీద బరువు కిందికి గుంజుతుంటే, నడుమ బ్యాగు పైకి తోస్తుంటే, ఒక్క గుంతకు ఛాసీ వంగుతది. ఆస్ట్రేలియాల కారవాన్ గుంజే డబుల్ క్యాబ్‌లకు ఇట్లనే వంగినయి.

ఇంకొకటి ఎవరూ చెప్పరు. చాన పికప్‌లల్ల వెనక ఆక్సిల్‌కు కడ్డీతోని లోడ్ సెన్సింగ్ వాల్వ్ ఉంటది. బండి కూసుంటే బరువుందని వెనక బ్రేకులకు ఒత్తిడి పెంచుతది. గాలితోని లేపితే ఖాళీ బండి అనుకొని తగ్గిస్తది. మీ బండికి ఉందో లేదో కింద వంగి చూడండి, ఉంటే మెకానిక్‌తోని సెట్ చేయించండి. ఘాట్‌కు ట్రైలర్‌కు సొంత బ్రేకులు ఉండాల్సిందే.

గాలిమిషన్:
అడవిల హెడ్‌లైట్ల బాధ అంత ఉండదు లెండి, అడవి మొదలయ్యే మన్ననూర్ చెక్‌పోస్ట్ కాడ రాత్రి 9 దాటితే పొద్దున 6 దాక వదలరు. అక్కడి దాక మాత్రం లైట్లు కిందికి దించుకోండి.