అప్‌డేట్: డాళ్లు పట్టుకున్న ఇద్దరు యువకుల రోమన్ వెండి నాణెం అసలైనదేనని తేలింది

మా తాతగారి పెట్టెలో దొరికిన వెండి నాణెం అసలైనదేనా, చక్రవర్తి బుగ్గ మీద ఆ లోతైన గాటు ఎందుకుందని ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

నాణేల నిపుణుడొకరు పరిశీలించి, ఇది తొలి రోమన్ చక్రవర్తి అగస్టస్ డెనారియస్ (రోమన్ వెండి నాణెం) అనీ, క్రీ.పూ. 2 తరువాత లుగ్డునంలో, అంటే నేటి ఫ్రాన్స్‌లోని లియోన్‌లో, ముద్రించిన రకమనీ నిర్ధారించారు. వెనుకవైపున్న యువకులు అగస్టస్ దత్తపుత్రులైన గైయస్, లూసియస్. వారి మధ్య డాళ్లు, బల్లేలు, వాటిపైన పూజారులు వాడే గరిటె, వంకీ కర్ర స్పష్టంగా కనిపిస్తున్నాయి. వారసులను ప్రజలకు పరిచయం చేయడానికి అరచేతిలో ఇమిడే వెండిబిళ్లను ఇంత చక్కగా వాడుకోవడం నాకెంతో నచ్చింది.

భూతద్దంతో అంచునూ గాటునూ చూడమన్న సలహాయే పనికొచ్చింది: పోతపోసిన నకిలీల్లో కనిపించే అతుకు అంచున లేదు, గాటు లోపల రాగి కాక వెండే ఉంది. లోపలి లోహాన్ని పరీక్షించడానికే అలా కోసి ఉంటారట. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో దొరికిన రోమన్ నాణేలపైనా ఇలాంటి గాట్లున్నాయి. భారతదేశంలో తయారైన అనుకరణల్లో అక్షరాలు తరచు గజిబిజిగా ఉంటాయి, దీనిమీద మాత్రం లాటిన్ అక్షరాలు సరిగ్గా ఉన్నాయి. అయస్కాంత పరీక్షతో ఏమీ తేలలేదు, ఎందుకంటే రాగి, సీసం కూడా దానికి అంటుకోవు.