యూఎస్ నేవీలో చీఫ్ ప్రమోషన్: యాంకర్లు ఎలా గుచ్చాలి?

పర్లాకిమిడి_తమ్ముడు:
మా పెద్దనాన్న కొడుకు అమెరికాలోని నార్ఫోక్‌లో చీఫ్ పెట్టీ ఆఫీసరుగా సెలెక్టయ్యాడు. సెప్టెంబరులో వేడుక. పెద్దనాన్న, పెద్దమ్మ ఇక్కణ్నుంచి వెళ్తున్నారు. కాలరుకి చెరోవైపు వాళ్లే యాంకరు (లంగరు ఆకారంలో ఉండే ర్యాంకు గుర్తు) గుచ్చాలట, ఎలా? అంతకుముందు కొన్ని వారాలు ‘ఇనీషియేషన్’ (కొత్త చీఫ్‌లను తయారుచేసే శిక్షణ) అంటున్నారు. ర్యాగింగేమోనని పెద్దమ్మ భయం. మన నేవీలో ఇది ఏ ర్యాంకు?

బరంపురం_బోసన్:
ముందు గేటు పని చూడండి. మనవాళ్లది విదేశీ పాస్‌పోర్టు కాబట్టి బేస్ లోపలికి ముందస్తు అనుమతి కావాలి. దరఖాస్తు మీ అన్నయ్యే పెట్టాలి. చివరి నిమిషంలో పెడితే వేడుక లోపల, వీళ్లు గేటు బయట.

ఇక గుచ్చడం. యాంకరు వెనక ముళ్లు, వాటికి బిగించే చిన్న క్లచ్‌లు ఉంటాయి. పొట్టిచేతుల ఖాకీ చొక్కా అయితే కాలరు ముందు అంచు నుంచి, కింది అంచు నుంచి సుమారు 1 అంగుళం లోపలికి యాంకరు మధ్యభాగం రావాలి. కాలరు మూలని సరిసగం చేసే గీత మీద అది నిలబడాలి. యాంకరు అడ్డకడ్డీలో గొలుసు చుట్టుకోని కొన ముందువైపుకి రావాలి. అంటే ఎడమది, కుడిది వేరు. వేదిక మీద ఎక్కువగా తారుమారయ్యేది ఇదే. ముందురోజు రాత్రే మీ అన్నయ్యచేత చొక్కాకి రంధ్రాలు పెట్టించి, ఏ యాంకరు ఎవరి చేతికో తేల్చుకోండి. పెద్దవాళ్ల చేతులు వణికితే జారిపడేవి క్లచ్‌లే, జేబులో అదనంగా రెండు మూడు ఉండాలి. కాలరు వెనక వేళ్లు పెట్టి, ముళ్లు బయటికొచ్చాక క్లచ్ నొక్కాలి. వేళ్లు పెట్టకుండా పైనుంచి నొక్కితే ముల్లు మెడకి దిగుతుంది.

టోపీ మాత్రం మామూలుగా అతని స్పాన్సర్ చీఫ్ (అతనికి దారి చూపే పాత చీఫ్) పెడతాడు. అది తల్లిదండ్రుల పని కాదు.

గోపాల్‌పూర్_గాలి:
పెద్దమ్మగారికి ధైర్యం చెప్పండి. క్లచ్ లేకుండా ముళ్లు ఒంట్లోకి దిగేలా గుద్దడం ఒకప్పుడు ఉండేది, అది హేజింగ్ (ర్యాగింగ్) కింద నిషిద్ధం. కొట్టడం, అవమానించడం, బలవంతంగా తాగించడం కూడా అంతే. ఇప్పుడు సాగేది వ్యాయామం, నాయకత్వ పాఠాలు, నేవీ చరిత్ర, జట్టుగా చేసే పనులు. నిద్ర తక్కువ, పని ఎక్కువ, అది నిజం. దానితోపాటు ‘చార్జ్ బుక్’ ఒకటి మోస్తారు. పాత చీఫ్‌లు అందులో సలహాలు, బాధ్యతలు స్వయంగా రాసిస్తారు. రెండో ప్రపంచ యుద్ధ కాలం నుంచి వస్తున్న ఆనవాయితీగా చెబుతారు. నా దృష్టిలో వేడుక కన్నా విలువైనది ఆ పుస్తకమే, ఇంటికి తెస్తే జాగ్రత్త చేయండి.

జయపురం_నేవీ:
యూఎస్‌లో చీఫ్ ర్యాంకు 1893 ఏప్రిల్ 1న వచ్చింది. పైన సీనియర్ చీఫ్, మాస్టర్ చీఫ్ 1958లో చేరాయి. యాంకరు మీద ఒక నక్షత్రం సీనియర్‌కి, రెండు మాస్టర్‌కి. మీ అన్నయ్యది నక్షత్రం లేని యాంకరే, షాపులో అడిగేటప్పుడు చూసుకోండి.

మన నేవీలోనూ పేరు చీఫ్ పెట్టీ ఆఫీసరే, ఆర్మీ లెక్కలో నాయబ్ సుబేదార్. పైన మాస్టర్ చీఫ్ సెకండ్ క్లాస్ ర్యాంకు సుబేదార్‌కి, మాస్టర్ చీఫ్ ఫస్ట్ క్లాస్ ర్యాంకు సుబేదార్ మేజర్‌కి సమానం. ఇంకో మాట, యూఎస్‌లో చీఫ్ అయినా సెయిలర్ వర్గమే, పేరులో ‘ఆఫీసరు’ ఉన్నా అధికారి వర్గం కాదు, కింది నావికులు సెల్యూట్ కొట్టరు. కొట్టలేదని పెద్దనాన్నగారు నొచ్చుకోకుండా ముందే చెప్పి పంపండి.