థైరాయిడ్ మాత్రకి వారాలు, ఇన్హేలర్‌కి నిమిషాలు... రెండూ హార్మోన్ల లెక్కే అయితే ఈ తేడా ఎందుకు?

బ్రాడీపేట_కుర్రాడు
అందరికీ నమస్తే. వారం రోజుల నుంచి మా ఇంట్లో ఒకటే గొడవ, తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి. అమ్మకి ఒళ్ళంతా నీరసం, జుట్టు రాలడం, ఎండాకాలంలో కూడా చలేస్తోందనడం, టెస్ట్ చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ టెస్టులో చూసే హార్మోన్) 18, అంటే ఎక్కువ వచ్చింది. డాక్టర్ గారు 50 మైక్రోగ్రాముల థైరాయిడ్ మాత్ర రాసి ఆరు వారాలయ్యాక మళ్ళీ టెస్ట్ చేయించుకుని రమ్మన్నారు. ఇప్పటికి మూడు వారాలైంది, అమ్మకి పెద్ద తేడా ఏం తెలియట్లేదు, మా పిన్నేమో పనిచెయ్యని మందు ఎందుకే మింగడం, ఆపెయ్ అంటోంది. అదే నాన్నకి ఆస్తమా, నీలం ఇన్హేలర్ రెండు సార్లు పీలిస్తే ఐదు నిమిషాల్లో ఊపిరి ఆడుతుంది. ఆయనకి ఇంకో ఇన్హేలర్ కూడా ఇచ్చారు కానీ దాంతో ఏమీ అవ్వట్లేదని బీరువా మీద పెట్టేశారు. చెల్లి ఇంటర్ బైపీసీ, నీలం ఇన్హేలర్‌లో మందు అడ్రినలిన్‌లాగే పనిచేస్తుందిరా అన్నయ్యా, అదీ హార్మోన్ రిసెప్టర్ (కణంలో హార్మోన్ వచ్చి తగిలే ప్రోటీన్) మీదే అంటోంది. మరి రెండూ ఆ లెక్కే అయితే ఒకటి నిమిషాల్లో, ఒకటి వారాల్లో ఎందుకు? అమ్మకి డోసు చాలట్లేదా?

జువాలజీ_మేష్టారు
మీ చెల్లి చెప్పింది కరెక్టే బాబూ. ముందు పిన్నిగారి మాట విని మాత్ర మాత్రం ఆపించకండి.

హార్మోన్ రక్తంలో పడితే ఒళ్ళంతా తిరుగుతుంది, ఫలానా చోటికే వెళ్ళాలని దానికేం లేదు. కాలవకి నీళ్ళొదిలారని దండోరా వేస్తే ఊరంతా వింటారు, కానీ పార భుజాన వేసుకుని బయల్దేరేది ఆ కాలవ కింద పొలం ఉన్నవాళ్ళే కదా. రిసెప్టర్ అంటే ఆ పొలం అనుకోండి, అది ఉన్న కణమే కదులుతుంది. ఇంకో విషయం, ఒకే హార్మోన్‌కి రకరకాల రిసెప్టర్లుంటాయి. భయమేసినప్పుడు గుండె దడదడలాడుతుంది (బీటా 1), ఊపిరితిత్తుల గొట్టాలు వదులవుతాయి (బీటా 2), ముఖం పాలిపోతుంది ఎందుకంటే చర్మంలో రక్తనాళాలు బిగుసుకుంటాయి (ఆల్ఫా 1). మూడూ ఆ ఒక్క అడ్రినలిన్ పనే, ఏ కణంలో ఏ రిసెప్టర్ ఉందన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది, ఒకచోట బిగుసుకోవడం ఒకచోట వదులవడం.

ఇక మీ అసలు ప్రశ్న. అడ్రినలిన్ నీళ్ళలో కరిగే రకం, కణం చుట్టూ ఉండే కొవ్వు పొర దాటలేదు, అందుకే దాని రిసెప్టర్ బయట పొరలోనే ఉంటుంది. నాన్నగారి ఇన్హేలర్‌లో మందు, సాల్బుటమాల్, వెళ్ళి పట్టుకునేది ఆ బీటా 2నే. పట్టుకోగానే లోపల జీ ప్రోటీన్ అనే కబురు మోసే ప్రోటీన్ కదిలి ఒక ఎంజైమ్‌ని లేపుతుంది, అది ఏటీపీని (కణానికి శక్తినిచ్చే అణువు) సైక్లిక్ ఏఎంపీ అనే, కబురుని కణం లోపల అందించే చిన్న అణువుగా మారుస్తుంది, దాని వల్ల గొట్టాల చుట్టూ ఉన్న కండరం వదులవుతుంది. కావాల్సిన ప్రోటీన్లన్నీ కణంలో ముందే ఉన్నాయి, కొత్తగా చెయ్యాల్సింది ఏమీ లేదు, అందుకే నిమిషాల్లో పని అయిపోతుంది. ఈ సైక్లిక్ ఏఎంపీ కనిపెట్టినందుకే సదర్లాండ్ అనే శాస్త్రవేత్తకి 1971లో నోబెల్ వచ్చింది. మనవాళ్ళ మాట కూడా చెప్పాలి ఇక్కడ, ఆ ఏటీపీని కండరంలో మొదట గుర్తించినవాళ్ళలో మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు ఒకరు, 1929లో హార్వర్డ్‌లో ఫిస్కే అనే శాస్త్రవేత్తతో కలిసి పనిచేస్తూ. క్లాసులో ఈ పాఠం వచ్చిన ప్రతిసారీ ఆయన పేరు చెప్పకుండా ముందుకి వెళ్ళను.

థైరాయిడ్ హార్మోన్ దారి వేరు. మాత్రలో ఉండేది టీ4 అనే థైరాయిడ్ హార్మోన్, కణజాలాల్లో అది టీ3 అనే చురుకైన రూపంగా మారాలి, కేంద్రకంలోకి వెళ్ళాలి, అక్కడ దాని రిసెప్టర్ డీఎన్ఏ మీదే కూర్చుని ఉంటుంది, హార్మోన్ లేనప్పుడు చాలా జీన్లని నొక్కిపట్టి ఉంచుతుంది. టీ3 వచ్చి తగిలాకే ఆ పట్టు వదులుతుంది, అప్పుడు జీన్ నకలు తయారవ్వాలి, దాన్నుంచి ప్రోటీన్ తయారవ్వాలి, ఆ ప్రోటీన్ తగినంత పోగవ్వాలి. దీనికి తోడు టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు ఏడు రోజులు పడుతుంది, అంటే రోజూ వేసుకునే మందు ఒక నిలకడకి రావడానికే ఐదారు వారాలు. డోసు చాలుతుందో లేదో మూడో వారంలో ఎవరూ చెప్పలేరు.

సెల్_బయాలజీ_అక్క
మేష్టారు చాలా బాగా చెప్పారు, ఒక్క చిన్న సవరణ. బయట రిసెప్టర్ అయితే తొందర, లోపల రిసెప్టర్ అయితే ఆలస్యం అని పిల్లలు బట్టీపడతారు, అన్నిసార్లూ అలా ఉండదు. గ్రోత్ హార్మోన్ రిసెప్టర్ కణం బయటి పొరలోనే ఉంటుంది, కానీ కబురు వెళ్ళేది జీన్ల దగ్గరికే, అందుకే ఎత్తు పెరగడానికి ఏళ్ళు పడుతుంది. ఇన్సులిన్ అయితే రెండూ చేస్తుంది, గ్లూకోజ్‌ని లోపలికి తెచ్చే ద్వారాలని నిమిషాల్లో పొర మీదకి తెప్పిస్తుంది, నిదానంగా జీన్ల పని కూడా మారుస్తుంది. అసలు చూడాల్సింది ఏంటంటే ఉన్న ప్రోటీన్‌ని కదిలిస్తోందా, కొత్త ప్రోటీన్ చేయిస్తోందా అని.

తమ్ముడూ, నాకు మీ అమ్మగారికంటే నాన్నగారి సంగతే ఎక్కువ దిగులుగా ఉంది. ఆ బీరువా మీద పెట్టిన రెండో ఇన్హేలర్ ఏంటి, బ్యూడెసోనైడ్ లాంటిదేనా? అదైతే స్టెరాయిడ్. మన ఒంట్లో తయారయ్యే కార్టిసాల్ అనే హార్మోన్ రిసెప్టర్ మీదే పనిచేస్తుంది. ఆ రిసెప్టర్ కణం లోపల ఉంటుంది, స్టెరాయిడ్ తగిలాక కేంద్రకంలోకి వెళ్ళి వాపు తెచ్చే జీన్లని అణుస్తుంది. పీల్చిన వెంటనే ఏమీ తెలియదు, రోజూ వాడితే రోజుల్లో, వారాల్లో తెలుస్తుంది. నీలం రంగుది గొట్టాన్ని కాసేపు వదులు చేస్తుందంతే, లోపలి వాపు అలాగే ఉంటుంది. ఇంకోటి, బీటా 2ని పొద్దస్తమానం తట్టిలేపుతుంటే కణం ఆ రిసెప్టర్లని పొర మీద నుంచి లోపలికి లాగేసుకుంటుంది, సంఖ్య తగ్గుతుంది, మందు పట్టు తగ్గుతుంది. స్టెరాయిడ్ ఆ బీటా 2 జీన్ పనిని కూడా పెంచుతుంది, అంటే బీరువా మీద ఉన్నది చేతిలో ఉన్నదానికి బలం ఇచ్చే మందు! దయచేసి డాక్టర్‌ని అడిగి మొదలుపెట్టించండి.

ఓరుగల్లు_మెడికల్స్
అన్నా, నేను పదేండ్ల సంది మెడికల్ షాపుల ఉన్న, నీలం ఇన్హేలర్ ఒక్కటే మళ్ళ మళ్ళ కొనుక్కపోయి రెండోది వద్దనేటోళ్ళు మస్తు మంది, ఎంత చెప్పినా వినరు. నాన్నకి ఇంకో ముచ్చట చెప్పు, చేతులు వణుకుడు, దడకి ప్రొప్రనొలాల్ అనే గోలి రాస్తరు, అది బీటా 1, బీటా 2 రెండిటినీ మూసేస్తది, ఆస్తమా ఉన్నోళ్ళకి ఊపిరి పట్టేస్తది. ఏ డాక్టర్ దగ్గరికి పోయినా ఆస్తమా ఉందని ముందుగాల చెప్పాలె. అమ్మ గోలి పరగడుపున నీళ్ళతోనే వేసుకోవాలె, అరగంట నుంచి గంట దాకా చాయ్, కాఫీ, టిఫిన్ ఏం వద్దు. ఐరన్, కాల్షియం గోలీలు ఉంటే నాలుగు గంటలు ఆగినంకనే, లేకుంటే మందు పేగులనే ఆగిపోతది.

బ్రాడీపేట_కుర్రాడు
అమ్మో, అమ్మ మాత్ర వేసుకుని వెంటనే కాఫీ తాగుతోంది! ఇప్పుడే చెప్పాను. అక్కా, మీరన్నదే, పెట్టె మీద బ్యూడెసోనైడ్ అనే ఉంది. ఇంకో డౌట్, థైరాయిడ్ తక్కువుంటే టీఎస్‌హెచ్ ఎక్కువ ఎందుకు వస్తుంది?

గ్రేవ్స్_తో_నేను
టీఎస్‌హెచ్ థైరాయిడ్‌లో తయారయ్యేది కాదండి, మెదడు కింద ఉండే పిట్యూటరీది. రక్తంలో థైరాయిడ్ హార్మోన్ తగ్గితే అది ఇంకా చెయ్యి, ఇంకా చెయ్యి అని టీఎస్‌హెచ్ పెంచుతూ పోతుంది, మీ అమ్మగారి 18 అదే. నాది దీనికి తిరగబడ్డ కేసు. గ్రేవ్స్ జబ్బులో మన ఒంట్లో తయారైన యాంటీబాడీలే వెళ్ళి థైరాయిడ్ మీదున్న టీఎస్‌హెచ్ రిసెప్టర్‌ని పట్టుకుని ఆన్ చేసేస్తాయి. పిట్యూటరీ నోరు మూసుకుని కూర్చుంది, నా టీఎస్‌హెచ్ దాదాపు సున్నా, అయినా గ్రంథి ఆగకుండా హార్మోన్ పోస్తూనే ఉంది, మూడు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాను. అప్పుడు అర్థమైంది నాకు, రిసెప్టర్‌కి తట్టింది ఎవరో తెలియదు, తట్టారా లేదా అన్నదే తెలుసు. అమ్మగారికి ఆరు వారాలూ ఓపిక పట్టమని చెప్పండి, నాకూ మందు కుదరడానికి టైం పట్టింది.

బ్రాడీపేట_కుర్రాడు
అందరికీ చాలా థాంక్సండి. ఇవన్నీ అమ్మకి, పిన్నికి చదివి వినిపించాను, పిన్ని టెస్ట్ అయ్యేదాకా చూద్దాంలే అంది. నాన్నని రేపు డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తున్నా, రెండు ఇన్హేలర్లూ జేబులో పెట్టుకుని.

సెల్_బయాలజీ_అక్క
మంచిది. పీల్చే పద్ధతి కూడా డాక్టర్ ముందే ఒకసారి చేసి చూపించమనండి, చాలామంది తప్పుగా పీలుస్తారు. స్టెరాయిడ్ పీల్చాక ప్రతిసారీ నీళ్ళు పుక్కిలించి ఉమ్మెయ్యాలి, లేకపోతే నోట్లో తెల్లటి పూత వస్తుంది.