‘ఫోటో దిగడం’: ఎక్కడి నుంచి ఎక్కడికి దిగుతాం?

మిత్రులకు నమస్కారం. రైలు దిగుతాం, మెట్లు దిగుతాం, నీళ్లలోకి దిగుతాం. మరి ఫోటో ఎందుకు దిగుతాం?

నారాయణగూడలో ఒక ప్రెస్సులో చాలా ఏళ్లు ప్రూఫులు దిద్దాను. కంప్యూటర్లు వచ్చి సీసపు అక్షరాలను చేత్తో పేర్చే కంపోజింగ్ విభాగం మూతపడిన రోజున అందరం గ్రూపు ఫోటో దిగాం. పిల్లలు నేలమీద, పెద్దలు కుర్చీల్లో, మిగిలినవాళ్లు వెనక బెంచీ ఎక్కి. పోయిన వారం ఒక కంపోజిటర్ గారి అబ్బాయి ఆ ఫోటో తెచ్చి, “మా నాన్న పక్కన ఉన్నది ఎవరండీ?” అని అడిగాడు. వాళ్ల నాన్న ఇప్పుడు లేరు.

వెనక పెన్సిలుతో పేర్లున్నాయి, కానీ ఒక్కటీ మనిషితో కుదరలేదు. ఫోటోను కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సంగతి తెలిసింది. రాసినాయన దాన్ని బోర్లించి, ఎవరి తల వెనక వారి పేరు రాశాడు. అందుకే వరుసంతా తారుమారైంది. అద్దంలోలా తిరగబడి ఉండే సీసపు అక్షరాన్ని ఎప్పుడూ అలాగే చూసిన కళ్లవి, ఆయనకు అది సరిగ్గానే కనిపించి ఉంటుంది. ఇక ‘ఎడమ నుంచి కుడికి’ అంటూ పేర్ల జాబితా కొత్తగా రాయాలి.

ఇక మాట సంగతి. “మక్కీకి మక్కీ దించేశాడు”, “అచ్చం వాళ్ల నాన్నను దించేశాడు” అంటాం కదా. అక్కడ దించడమంటే ఉన్నదున్నట్టు నకలు తీయడం. పెరుగు–పెంచు, వంగు–వంచు జంటల్లాగే దిగు–దించు. కెమెరా మనల్ని దించుతుంది, మనం దిగుతాం. నాకు తోచిన దారి ఇది. మేకు గోడలో దిగినట్టు కాగితంలో దిగిపోవడమన్న భావన కూడా ఇందులో ఉందేమో చెప్పండి.

మా ప్రెస్సులో కొందరు ‘ఫోటో గుంజడం’ అనేవారు. ఉర్దూలో ‘తస్వీర్ ఖీంచ్‌నా’ అన్నా లాగడమే. రెండూ తీసేవాడి పనిని చెప్పే మాటలు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో పెట్టిన లాలా దీన్ దయాళ్‌కు ఆరవ నిజాం ‘ముసవ్విర్ జంగ్’ బిరుదు ఇచ్చాడు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు. ముసవ్విర్, తస్వీర్ (చిత్రం), సూరత్ (రూపం) మూడూ ఒకే అరబీ ధాతువు నుంచి వచ్చినవే. అదీ తీసేవాడి గౌరవమే. కెమెరా ముందు నిలబడ్డవాడికి తనదైన క్రియ ఒకటి ఇచ్చింది మన తెలుగు. అందుకే ఈ మాటంటే నాకు ప్రాణం.

— —

మాస్టారూ, మంచి చర్చ. ఒక చిన్న మాట. ‘ఎడమ నుంచి కుడికి’ అని రాస్తాం కానీ, ఎవరి ఎడమ? మా బ్యాంకు ఉద్యోగుల ఫోటోల కింద కూర్చున్నవారి ఎడమ లెక్కన రాసినవి రెండున్నాయి. ‘చూసేవారికి ఎడమ నుంచి’ అని రాయడం మేలు. మీ కొత్త జాబితాకు శీర్షిక ఏమని పెడుతున్నారు? పత్రికల్లోలా ‘చిత్రంలో ఉన్నవారు’ అనేనా?

— —

‘చూసేవారికి’ అన్నది వెంటనే చేర్చానమ్మా, ధన్యవాదాలు. మొన్న ఆదివారం ఆ అబ్బాయీ నేనూ కూర్చుని పేర్లన్నీ కొత్తగా రాశాం. వాళ్ల నాన్న పక్కన ఉన్నాయన అచ్చు పూర్తయ్యాక అక్షరాలను విప్పి మళ్లీ కేసుల్లో, అంటే అక్షరాల గళ్లపెట్టెల్లో, ఏ గడివి ఆ గడిలో వేసేవారు. ‘క్ష’ ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పేవారు. పేరుతో పాటు ఆ పని కూడా రాశాం. ఒకరి పేరు ఎంత తలచుకున్నా గుర్తు రాలేదు. ‘టీ తెచ్చే అబ్బాయి, నీలం చొక్కా’ అని రాసి పక్కన కొంచెం చోటు వదిలాం.

శీర్షికకు మొదట మీరన్న మాటే రాశాను. కింద ఇరవై ముగ్గురిలో తొమ్మిది పేర్ల ముందు ‘కీ.శే.’ చేర్చాల్సి వచ్చింది. ‘ఉన్నవారు’ అన్న మాట కింద ఆ తొమ్మిది పేర్లు చూడలేకపోయాను. కొట్టేసి, ‘ఫోటో దిగినవారు’ అని రాశాను.