అప్‌డేట్: మా టిష్యూ కల్చర్ అరటిలో పొట్టి మొక్కలు
పులివెందుల దగ్గర మా జీ-9 రకం టిష్యూ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన మొక్కల) అరటిలో కొన్ని మొక్కలు పొట్టిగా ఉండిపోయాయి, ఆకులు దగ్గరదగ్గరగా వస్తున్నాయి, బంచీ టాప్ అనే వైరస్ తెగులా అని పోయిన నెల అడిగాను కదా. కాదట, హమ్మయ్య! ఆ వైరస్ అయితే ఆకు కాడ మీద ముదురు ఆకుపచ్చ చారలు ఉండాలి, మా వాటికి లేవు, పరీక్షలోనూ వైరస్ రాలేదు. ల్యాబ్‌లో ఒకే పిలక నుంచి మరీ ఎక్కువసార్లు విడదీసి పెంచుకుంటూ పోతే జన్యువుల్లో ఇలాంటి తేడాలు వస్తాయట, అందులో పొట్టి మొక్కలే ఎక్కువట. నన్ను బాగా ఆశ్చర్యపరిచింది ఇంకోటి: గింజ లేని అరటిని సంకరం చేయడం కష్టం కాబట్టి శాస్త్రవేత్తలు జన్యువుల్లో ఇలాంటి మార్పులను కావాలనే తెప్పిస్తారు. జీ-9 అంటే గ్రాండ్ నైనే, ల్యాబ్‌లో పెంచిన దాని లేత మొనలకు గామా కిరణాలు పెట్టి, త్వరగా గెల వేసే నోవేరియా రకాన్ని అలాగే తీశారు, మలేషియాలో విడుదల చేశారు. మా పొట్టి మొక్కలు మాత్రం పీకేశాను, నర్సరీవాళ్లు బదులు మొక్కలు ఇస్తామన్నారు.